నేరుగా రెండో సంవత్సరంలోకి

పాలిటెక్నిక్‌లో క్లాసులు మొదలైన రోజు సింధూజ గది గుమ్మంలోనే ఆగిపోయింది. మొదటి వరుసలో, కిటికీ పక్క బెంచీ మీద, కోరుట్ల బస్టాండు ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసే ఆవిడ కూర్చుని ఉంది. మూడు నెలల క్రితం సింధూజకు పాలిసెట్ ఫారం నింపిపెట్టింది ఆమే. ఫొటోలో చెవులు కనబడటం లేదని వెనక్కి పంపి, మళ్లీ దిగి రమ్మన్నదీ ఆమే. ఎవరివో సర్టిఫికెట్లు ఇవ్వడానికి జగిత్యాల దాకా వచ్చి, కాసేపు కూర్చుందేమో అనుకుంది సింధూజ. కానీ ఆమె ముందర కొత్త నోటుబుక్కు ఉంది. అట్ట మీద గుండ్రటి అక్షరాలతో, సృజన, కంప్యూటర్ ఇంజనీరింగ్, మొదటి సంవత్సరం అని రాసి ఉంది.

లెక్చరర్ దేవేందర్‌కు ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. లోపలికి వస్తూనే ఆమెను చూసి, ల్యాబుకు కొత్తగా వచ్చిన మేడం అనుకుని నమస్తే పెట్టాడు. క్లాసంతా గొల్లుమంది. సృజన కూడా నవ్వింది. లేచి నిలబడి, "స్టూడెంటునే సార్. రోల్ నంబరు నలభై ఒకటి" అని చెప్పి కూర్చుంది. అంతే. సిగ్గుపడలేదు, సంజాయిషీ చెప్పలేదు. ఆ కూర్చోవడం సింధూజకు బాగా నచ్చింది. తాను మాత్రం ముత్యంపేట నుంచి వచ్చినదాన్నని చెప్పుకోవడానికే ఆ రోజు రెండుసార్లు తడబడింది.

సాయంత్రం కోరుట్ల బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. అప్పుడు తెలిసింది సృజన సంగతి. ఆమెకు ముప్పై ఒక్కటి. పుట్టిల్లు ఎల్లారెడ్డిపేట, తండ్రి లస్మయ్య కల్లు కోసం తాళ్లు గీస్తాడు. పదో తరగతి తర్వాత చదువు ఆగింది, కొన్నేళ్లకు కోరుట్ల వాళ్లకిచ్చి పెళ్లి చేశారు. భర్త వీరేందర్ దుబాయిలో ఏసీ మెకానిక్కు. ఎనిమిదేళ్ల కూతురు రచన, అత్త నాగవ్వ, ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు. తొమ్మిదేళ్లుగా సెంటర్లో ఫారాలు నింపుతోంది. పాలిసెట్, ఈసెట్, స్కాలర్‌షిప్పు, బస్ పాసు, ఏదొచ్చినా ఆమె చేతి మీదుగానే పోయేది.

"మరి గిప్పుడెందుకక్కా?" అని అడిగింది సింధూజ.

ఆ ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం సెంటర్లో ఎవరూ లేరనీ, ఊరికే కొత్త ఫారం తెరిచి తన పేరు కొట్టి చూసుకున్నాననీ చెప్పింది సృజన. "నింపి నింపి, ఫారం మీద ఏముంటదో మొత్తం తెలిసిపాయె. ఫారం అవుతల ఏముంటదో సూద్దామనిపిచ్చింది" అంది.

దుబాయికి ఫోన్ చేసింది. వీరేందర్, పొద్దున సెంటర్ మానేసి సాయంత్రం పోతే ఓనరు ఒప్పుకుంటాడా అని మాత్రం అడిగాడట. ఒప్పుకున్నాడు. నాగవ్వ అవుననలేదు, కాదనలేదు.

రెండో వారంలో ఒకరోజు బస్సు మేడిపల్లి దాటాక, డిప్లొమా అయిపోయాక ఏం చేస్తావని సృజన అడిగింది. అందరూ చేసేదే చేస్తానంది సింధూజ. పసుపు పండించే తండ్రి పోచయ్యకు కూతురు కంప్యూటర్ చదువుతోందన్న సంతోషమే తప్ప, ఆ పైన ఏముంటుందో ఆయనకూ తెలియదు.

సృజన సంచిలోంచి ఒక కాగితం తీసింది. సెంటర్లో తప్పుపడ్డ ప్రింటు అది, వెనక ఖాళీ. దాని మీద గళ్లు గీసి ఉంది. అన్నిటికన్నా అడుగున రాసింది మూడేళ్ల తర్వాత వచ్చే తారీఖు. డిప్లొమా చదివినవాళ్లు ఈసెట్ రాసి మంచి ర్యాంకు తెచ్చుకుంటే, బీటెక్‌లో మొదటి ఏడాదితో పని లేకుండా నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఆ చేరే రోజు నుంచి సృజన వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఆ రోజు చేతిలో ఏ కాగితాలుండాలి, అంతకు ముందు పరీక్ష, దానికి ముందు ఆరు నెలల ట్రైనింగ్, అంతకు ముందు ఐదు సెమిస్టర్లు. ఒక్కో గడిలో ఆ సెమిస్టర్‌లో వచ్చే పాఠాల్లో ఏవి ఈసెట్లో మళ్లీ అడుగుతారో రాసి ఉంది.

"రెండు వందల మార్కుల పేపరు. వంద మన కంప్యూటర్లవి. యాభై లెక్కలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఇరవై అయిదేసి. గీ ఫిజిక్సూ కెమిస్ట్రీ మొదటి ఏడుతోనే ఒడుస్తయి. మూడో ఏడుకచ్చేసరికి ఒక్కరికి యాదికుండదు. సెంటర్‌కు అచ్చి ఏడ్సినోళ్లందరు గాడ్నే పోయిండ్రు."

అప్పటినుంచి బస్సే వాళ్లకు రెండో కాలేజీ అయింది. కోరుట్ల నుంచి మేడిపల్లి దాకా పాత పాఠం. మేడిపల్లి నుంచి జగిత్యాల దాకా ఆ రోజుది. సృజనకు లెక్కలు తొందరగా ఎక్కేవి కావు. పదిహేనేళ్ల క్రితం వదిలేసిన సూత్రాలను వేళ్లతో వెతుక్కుంటున్నట్టు మెల్లగా పోయేది. సింధూజ ఒక్క చూపులో చేసేసే లెక్కకు ఆమె నాలుగు రోజులు తీసుకునేది. కానీ ఆ నాలుగు రోజుల తర్వాత ఎప్పుడు అడిగినా చెప్పేది. సింధూజ తాను చేసింది వారానికే మరిచిపోయేది. మొదటి ఏడు సగమయ్యేసరికి తెలివంటే ఏమిటని సింధూజ అనుకుంటూ వచ్చిందో అదంతా తారుమారైంది.

మొదటి ఏడాది సంక్రాంతి సెలవుల్లో సృజన క్లాసులో అమ్మాయిలందరినీ నాలుగో తరగతి నుంచి పది దాకా చదివిన బళ్లకు తరిమింది. సీటిచ్చేటప్పుడు ఇక్కడివాళ్లమేనని చూపించడానికి అడిగే స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకొమ్మంది. ఇంకా రెండున్నరేళ్లుంది కదా అని అందరూ నవ్వారు. ర్యాంకు తెచ్చుకుని కూడా, తాను చదివిన ప్రైవేటు బడి మూతపడి, సంతకం పెట్టే మనిషి దొరక్క సీటు పోగొట్టుకున్న ఒక పిల్లవాడి గురించి సృజన చెప్పింది. సృజన చదివిన చిన్న బడిని కూడా ఎప్పుడో ఎత్తేశారు. ఎల్లారెడ్డిపేటకు నాలుగుసార్లు తిరిగి, పాత హెడ్మాస్టరు ఇల్లు పట్టుకుని, ఆయన చెప్పిన ఆఫీసులో రిజిస్టరు వెతికించి తెచ్చుకుంది. సింధూజ వెళ్లి చూస్తే తన ఆరో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు తప్పు పడి ఉంది. దాన్ని సరిచేయించడానికి రెండు నెలలు పట్టింది. ఇదే పని ఆఖరి వారంలో అయితే ఆమె సీటు కూడా పోయేదే.

రెండో ఏడు నడుస్తుండగా ఆడవాళ్లకు బస్సుల్లో డబ్బు కట్టక్కర్లేని జీరో టికెట్ వచ్చింది. బస్సులు కిక్కిరిసిపోయాయి. కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. ఇద్దరూ రాడ్డు పట్టుకుని నిలబడి, ఒకరు ప్రశ్న అడిగితే ఒకరు జవాబు చెప్పేవారు. మార్కెట్‌కు పోయే ఆడవాళ్లు మొదట వింతగా చూశారు, తర్వాత అలవాటు పడ్డారు. ఒకసారి సృజన బైనరీ ట్రీ గురించి సింధూజ అడిగినదానికి తప్పు చెబితే, గంపతో నిలబడ్డ ఒక ముసలామె, "మొన్న గట్ల జెప్పలేదు గద బిడ్డా" అంది. నిజమే, మొన్న సరిగ్గా చెప్పింది.

అంతా కాగితం మీద గీసినట్టే పోతోందనుకుంటుండగా ఐదో సెమిస్టర్ పరీక్షలు వచ్చాయి.

జావా పరీక్ష రోజు సృజన రాలేదు. సింధూజ గేటు దగ్గర ఆఖరి గంట దాకా నిలబడింది. ఫోన్ ఎత్తలేదు. లోపలికి వెళ్లి రాసిందే గానీ మనసు మనసులో లేదు. బయటికి వచ్చాక తెలిసింది, రచనకు డెంగ్యూ, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, జగిత్యాల ఆసుపత్రిలో తెల్లవారుజామునే చేర్చారు. కాలేజీకీ ఆ ఆసుపత్రికీ పదిహేను నిమిషాల నడక. అంత దగ్గర్లో ఉండి పరీక్ష పోయింది.

సింధూజ వెళ్లేసరికి రచన నిద్రపోతోంది. సృజన పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ముఖం వాడిపోయి ఉన్నా గొంతు మామూలుగానే ఉంది. పేపరు ఎట్లుండెనని అడిగింది. సింధూజకు ఏడుపు ఆగలేదు. అంత కష్టపడి, రెండున్నరేళ్లు ఒక్క సబ్జెక్టు తప్పకుండా వచ్చి, ఇలా అయిందేమిటని ఏడ్చింది. సృజన ఆమెను కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత ప్రశ్నపత్రం అడిగి తీసుకుని, ఒక చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని, మొదటి ప్రశ్న నుంచి ఆఖరి దాకా చదివింది.

"అచ్చేటియే అచ్చినయి," అంది. "ఏప్రిల్ల మల్ల పెడ్తరు. కౌన్సెలింగ్‌నాటికి పాస్ మెమో చేతిలుంటే సాలు. కాయితం మీద గీడికెల్లి ఏప్రిల్‌కు ఒక గీత గీసుకుంట, గంతే."

"నీకు బాధ లేదా అక్కా?"

"ఉంది. పిల్లకు తక్కువైనంక పడ్త."

రెండు రోజులకు ఇంకో పరీక్ష. ఆ పొద్దున నాగవ్వ కోరుట్ల నుంచి మొదటి బస్సుకు వచ్చింది. కోడలి వంక చూడకుండానే మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చుని, "నువ్వు పో, పిల్లకాడ నేనుంట" అంది. సృజన వెళ్లి రాసింది. ఆ పేపర్లో క్లాసులో మూడోది ఆమె.

ఆరో సెమిస్టర్ అంతా ట్రైనింగ్. చాలామంది హైదరాబాద్ వెళ్లారు. పొద్దున పోయి రాత్రి వచ్చే పనుల్లో పడితే ఈసెట్ చదవడం కుదరదని సృజన ఏడాది ముందే చెప్పింది. సిరిసిల్లలో బట్టల వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే గంగాప్రసాద్ అనే ఆయన చిన్న ఆఫీసు ఆమె వెతికి పెట్టింది. ఎల్లారెడ్డిపేట పుట్టింట్లో ఉండి రోజూ సిరిసిల్లకు పోయి రావచ్చు. రచన నాగవ్వ దగ్గరే ఉండి బడికి పోతుంది, ఆదివారాలు సృజనే కోరుట్లకు వస్తుంది. సింధూజ కూడా ఆ ఇంట్లోనే ఉంది.

ఆ ఆఫీసులో సింధూజకు ఇంకో సంగతి అర్థమైంది. గంగాప్రసాద్ ఇద్దరికీ ఒకే పని ఇచ్చాడు, బిల్లు కొట్టే పేజీ. సింధూజ నాలుగు రోజుల్లో పూర్తి చేసింది. చక్కగా పనిచేసింది కూడా. సృజన మొదటి మూడు రోజులు కంప్యూటర్ ముందరే కూర్చోలేదు. గాంధీ చౌక్ దగ్గరి ఒక దుకాణానికి వెళ్లి, బిల్లు రాసే గుమాస్తా పక్కన నిలబడి, అతను ఏది ముందు అడుగుతాడో, ఎక్కడ కొట్టేసి మళ్లీ రాస్తాడో చూసి వచ్చింది. ఆమె రాసిన పేజీకి పది రోజులు పట్టింది. దుకాణంలో పెట్టి చూస్తే గుమాస్తా ఒక్కమాట అడగకుండా దాని మీద బిల్లులు కొట్టుకుంటూ పోయాడు. సింధూజ పేజీలో రెండో గడి దగ్గరే ఆగి, "గిది ఏందమ్మా" అన్నాడు. గంగాప్రసాద్ సృజన పేజీనే ఉంచాడు. సింధూజకు కొంచెం కూడా ఈర్ష్య కలగలేదు. తొమ్మిదేళ్లు జనం పక్కన కూర్చుని ఫారాలు నింపిన మనిషి ఏం నేర్చుకుందో ఆ రోజు కళ్లారా చూసింది.

తెల్లవారగానే లస్మయ్య చెట్టెక్కే మోకు, ముస్తాదు వేసుకుని తాళ్లకు పోయేవాడు. అదే వేళకు సృజన వాకిట్లో చాప వేసుకుని కూర్చునేది. ఒకనాడు లస్మయ్య వెళ్లబోతూ ఆగి, బావి దగ్గర ముఖం కడుక్కుంటున్న సింధూజ దగ్గరికి వచ్చాడు. తన బిడ్డ చదువులో ఎలా ఉందని అడిగాడు. క్లాసుకంతా సదువు జెప్పేదే అక్క అని సింధూజ చెప్పింది. ఆయన తల ఊపాడు గానీ కదలలేదు.

"పది అయినప్పుడు ఊరికే ఫస్టచ్చింది. సార్లు ఇంటికచ్చి మరీ అడిగిండ్రు పంపుమని. నేనే సాలన్న" అన్నాడు. భుజం మీది మోకు సర్దుకున్నాడు. "గప్పుడు ఏమనలే నన్ను. ఇప్పుడు గూడ ఏమనదు."

ఆ మాట సింధూజ సాయంత్రం సృజనకు చెప్పింది. సృజన చదువుతున్న పుస్తకం మూయలేదు. "నాయినకు గప్పుడు గంతే ఎర్కుండె. నాకు ఎర్కున్నది ఇంకింత తక్కువ" అంది. మర్నాడు పొద్దున మాత్రం సింధూజ లేచేసరికి సృజన వాకిట్లో చాప మీద లేదు. తండ్రి వెంట తాటివనం దాకా నడిచి వెళ్లింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో సింధూజ అడగలేదు.

ఏప్రిల్లో సృజన జావా రాసింది. మేలో ఇద్దరూ కరీంనగర్‌లో ఈసెట్ రాశారు. ఫలితాలొచ్చిన రోజు సింధూజకు నలభై మూడో ర్యాంకు. సృజనకు మూడు వందల ఎనభై ఎనిమిది. జావా పాసైన మెమో అంతకు వారం ముందే వచ్చింది. క్లాసులో ఈసెట్ రాసిన పదకొండు మంది అమ్మాయిల్లో తొమ్మిది మందికి సీటొచ్చే ర్యాంకులు వచ్చాయి. దేవేందర్ సార్ సింధూజకు ఫోన్ చేసి, ముందు ఆమెకు ఇవ్వమ్మా ఫోను, అని సృజన కోసమే అడిగాడు.

ఇక మిగిలింది కాలేజీల ఆప్షన్లు పెట్టడం. ఏ కాలేజీ ముందు రాస్తే, దొరికితే అదే ఇస్తారు. సృజన తనవి అప్పటికే పెట్టుకుంది. మొట్టమొదట కొండగట్టు దగ్గరి కాలేజీ. కోరుట్ల నుంచి పోయి రావచ్చు, రచనను విడిచి ఉండక్కర్లేదు. సింధూజ సాయంత్రం సెంటర్‌కు వచ్చి ఆమె పక్కన కూర్చుని, తనకూ అదే ముందు పెట్టమంది. హైదరాబాద్ యూనివర్సిటీ కాలేజీని రెండో చోట రాయమంది.

సృజన వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"గది రాదని భయమా, అస్తదని భయమా?" అని అడిగింది.

సింధూజ నిజమే చెప్పింది. నలభై మూడుకు అది వస్తుంది. కానీ అక్కడ తనకు ఎవరూ లేరు. ఏ పాఠం ఎప్పుడు చదవాలో చెప్పేవాళ్లుండరు. మూడేళ్లూ తాను చేసిందేమీ లేదు, అక్క గీసిన గళ్లలో నడిచింది, అంతే. కొండగట్టు అయితే మళ్లీ ఇద్దరూ ఒకే బస్సులో పోవచ్చు.

తొమ్మిదేళ్లూ, ఆ తర్వాతి మూడేళ్లూ, సృజన ఎవరి ఆప్షన్ల గురించీ ఒక్క మాట అనలేదు. ఇది పెట్టండి, అది పెట్టొద్దు అని చెప్పడం తన పని కాదనుకునేది. ఏది చెబితే అది కొట్టేది. ఆ రోజు కుర్చీలోంచి లేచి నిలబడింది.

"గిది నేను కొట్టను. నువ్వే కూసో" అంది. "నేను గళ్లు గీసింది నాకు తెల్వక. ఎక్కడ పడ్తనో అని భయమయి గీసుకున్న. నీకు లెక్క సూడంగనే అస్తది సిందూ. నేను మూడేండ్లు సూసిన. నా తోటి అస్తే నువ్వు నా అంత మెల్లగనే నడుస్తవ్. నాకు రానిది నేర్పేటోళ్లు ఉన్నకాడికి పో. పోయి, మల్ల నాకు జెప్పు."

"నువ్వు రావు గదక్కా."

"నాకు కొండగట్టే పెద్దది. నీకు గాదు."

సింధూజ ఆ కుర్చీలో కూర్చుంది. సృజన పక్కకు తిరిగి, క్యూలో నిలబడ్డ ఒక తండ్రి చేతిలోని కాగితాలు అందుకుని చూడసాగింది. కావాలనే ఇటు తిరగలేదు. సింధూజ మొదటి గడిలో హైదరాబాద్ కాలేజీ కోడ్ కొట్టింది. రెండోదాన్లో ఇంకోటి. కొండగట్టు ఆరో చోటికి వచ్చింది. ఫైనల్ నొక్కేముందు ఒకసారి పిలిచి చూపించాలనుకుంది. పిలవలేదు, నొక్కేసింది.

ఇద్దరికీ మొదటి ఆప్షనే వచ్చింది.

సృజన చేరే రోజు సింధూజ కూడా కోరుట్ల వచ్చింది. తాను హైదరాబాద్ వెళ్లడానికి ఇంకా మూడు రోజులుంది. సృజన సంచిలో బీటెక్ మొదటి ఏడాది లెక్కల పుస్తకం ఉంది. నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాళ్లకు అది చెప్పరు, మిగతావాళ్లకు వచ్చు, కాబట్టి దసరాలోగా సొంతంగా పూర్తి చేస్తానని చెప్పింది. సింధూజ కూడా అదే పుస్తకం కొనుక్కుంది, కానీ సగం అప్పుడే అయిపోయింది. ఆ సంగతి వినగానే సృజన ముఖంలో కనిపించిన సంతోషం ర్యాంకులొచ్చిన రోజు కూడా కనిపించలేదు.

బస్టాండుకు నాగవ్వ కూడా వచ్చింది, రచన చెయ్యి పట్టుకుని. ఈ మూడేళ్లలో ఆమె కోడలి చదువు గురించి ఎవరినీ ఒక్క ప్రశ్న అడగలేదు. సృజన నీళ్ల సీసా కొనడానికి పోయినప్పుడు సింధూజ వైపు తిరిగింది.

"గీ సదువు ఒడిస్తే ఏమైతది బిడ్డా?"

సింధూజ సాఫ్ట్‌వేరు, కంపెనీలు అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, "ఇంజనీర్ అయితది అవ్వా" అంది.

నాగవ్వ ఆ మాటను నోట్లోనే ఒకసారి అనుకుంది. "ఎన్నేండ్లు?"

"ఇంక మూడు."

"మూడేండ్లేనా" అంది నాగవ్వ. అప్పుడే సృజన వచ్చింది. నాగవ్వ ఆమె చేతిలో టిఫిన్ డబ్బా పెట్టి, వెనక వస్తున్న జగిత్యాల బస్సు వైపు చూపించింది. "పిల్ల నా దగ్గర్నే ఉంటది, నువ్వు ఫికర్ జెయ్యకు. ముంగట సీటు జూస్కో, పో."

సృజన ఎక్కింది. బస్సు కదిలాక కూడా నాగవ్వ అక్కడే నిలబడి ఉంది. పక్కన ఉన్న ఆడమనిషి ఎవరామె అని అడిగితే, "మా కోడలు" అంది. మళ్లీ తనే, "కాలేజీకి పోతంది" అంది.